ఇంట్లో కట్టుకుంటున్న విమానంలో మాగ్నెటోమీటర్ ఎక్కడ బిగించాలి: తోకలోనా, రెక్క కొనలోనా?

ప్రశ్న – దొడ్డబళ్లాపురం షెడ్డు, బెంగళూరు

మిత్రులకు నమస్కారం. దొడ్డబళ్లాపురం వెళ్లే దారిలో అద్దెకు తీసుకున్న ఒక రేకుల షెడ్డులో మేము ముగ్గురం తెలుగువాళ్లం కొన్నేళ్లుగా శని, ఆదివారాల్లో రెండు సీట్ల అల్యూమినియం కిట్టు విమానాన్ని కట్టుకుంటున్నాము. ముక్కులో రోటాక్స్ 912 ఇంజను కూర్చుంది, ప్యానెల్‌లో తెర వెలిగింది, దాని వెనుక ఏహెచ్‌ఆర్‌ఎస్ పెట్టె (విమానం ఒరుగుదలను, దిశను లెక్కగట్టేది) కూడా కుదిరింది. ఇక మిగిలింది భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి దిక్కు చెప్పే, అరచేతిలో ఇమిడే మాగ్నెటోమీటర్ ఒక్కటే. ఎడమ రెక్క కింది రేకును ఇంకా రివెట్ చేయలేదు కాబట్టి తీగలు లాగడానికి ఇదే అదను. రేకు మూసేశాక రెక్క చివరిదాకా కొత్త తీగ పంపడం ఎంత యాతనో కట్టినవారికి చెప్పనక్కరలేదు.

మాకు రెండు చోట్లు కనిపిస్తున్నాయి. మొదటిది సామాన్ల గూడు వెనుక, తోక వైపు ఉన్న అల్యూమినియం పలక. అక్కడికి చెయ్యి సులువుగా పోతుంది, తీగ పొడవు తక్కువ, ఏహెచ్‌ఆర్‌ఎస్‌కు సమాంతరంగా నిలపడం కూడా తేలిక. అయితే ఆ పలక కిందుగా, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌ను కదిపే పుష్‌రాడ్ వెళుతుంది, రెండడుగుల వెనుక ఆటోపైలట్ తరఫున అదే పని చేసే పిచ్ సర్వో మోటారు ఉంది. రెండవది ఎడమ రెక్కలో చివరి గది. ఇంజను, క్యాబిన్, సామాన్లు అన్నీ అక్కడికి దూరం, విమానాన్ని పక్కకు ఒరిగించే రోల్ సర్వో కుడి రెక్కలో ఉంది. కానీ ఎడమ కొనలోనే 28 వాట్ల ఎల్‌ఈడీ ల్యాండింగ్ లైటు, నావిగేషన్ లైటు, స్ట్రోబు ఉన్నాయి. వాటి తీగలు పక్కటెముకల కింది రంధ్రాల గుండా ఆ గదిలోంచే పోవాలి.

ఊహలతో తేల్చడం ఇష్టం లేక, ఫోనులో అయస్కాంత క్షేత్రాన్ని చూపే ఒక ఆప్ వేసుకుని కొలిచి చూశాము. రెక్కలు ప్రస్తుతం తాత్కాలికంగా తగిలించి ఉన్నాయి. తోక పలక మీద ఫోను ఉంచితే 41 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) చూపింది. పైలట్ పట్టుకునే స్టిక్ ముందుకు తోస్తే 43, వెనక్కి లాగితే 39 అయింది. పుష్‌రాడ్ అల్యూమినియందే కదా అని ఆశ్చర్యపోయి టార్చి వేసి చూస్తే, గొట్టం అల్యూమినియమే కానీ దాని కొసల్లో ఉక్కు రాడ్‌ఎండ్లు, బెల్‌క్రాంకులో ఉక్కు బోల్టు ఉన్నాయి. ఇక రెక్క కొనలో, లైటు తీగకు సరిగ్గా నాలుగంగుళాల పైన ఫోను పెట్టి ల్యాండింగ్ లైటు వేస్తే 41 కాస్తా 41.2 అయింది, అంతే. దీన్నిబట్టి రెక్క కొన నిశ్చింత అని ఇద్దరం అంటున్నాము. మూడవ మిత్రుడు మాత్రం తోకలోనే పెట్టి, వచ్చే తేడాను కాలిబ్రేషన్‌లో (విమానాన్ని గుండ్రంగా తిప్పి సెన్సార్‌ను సరిచేసే పనిలో) సర్దుకోవచ్చని, కాకపోతే పెట్టె చుట్టూ పలుచని ఇనుప కవచం వేయవచ్చని వాదిస్తున్నాడు. అనుభవజ్ఞులు ఏమంటారు?


ప్రత్యుత్తరం – విశ్రాంత ఏవియానిక్స్ ఉద్యోగి, మారతహళ్లి

షెడ్డు మిత్రులకు. ముప్పై ఏళ్లకు పైగా విమానాల విద్యుత్తు, దిక్సూచి పనుల్లోనే ఉండి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. "రెక్క కొన" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ కారణం తెలియకుండా రెక్క కొనకు తీసుకుపోయి అక్కడ కూడా చెడగొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీరు కొలిచిన 0.2 సంగతి. మీ విమానం షెడ్డులో తూర్పు ముఖంగానో పడమర ముఖంగానో నిలబడి ఉందని నా అనుమానం. ఎందుకంటే 28 వాట్ల లైటు 14 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకుంటుంది. తిన్నని తీగ చుట్టూ ఏర్పడే క్షేత్రం, ఆంపియర్లను మీటర్లలోని దూరంతో భాగించి 0.2తో గుణిస్తే మైక్రోటెస్లాల్లో వస్తుంది. 2 ఆంపియర్లకు 10 సెంటీమీటర్ల దూరంలో అది 4 మైక్రోటెస్లాలు. మీకు 0.2 మాత్రమే కనిపించడానికి కారణం, మీ ఆప్ మూడు అక్షాలను కలిపి మొత్తం బలాన్ని మాత్రమే చూపడం. రెక్క పొడవునా వెళ్లే తీగకు పైన క్షేత్రం విమానం ముక్కు–తోక దిశలో ఉంటుంది. విమానం తూర్పు ముఖంగా ఉంటే అది తూర్పు–పడమరల దిశ, అంటే భూమి క్షేత్రానికి అడ్డంగా. 41కి అడ్డంగా 4 కలిస్తే లంబకోణ త్రిభుజం కర్ణం లెక్కన మొత్తం 41.2 మాత్రమే అవుతుంది. బలం మారలేదు, దిశ తిరిగింది. మన దగ్గర భూక్షేత్రపు క్షితిజ సమాంతర అంశం సుమారు 40 మైక్రోటెస్లాలు కాబట్టి, దానికి అడ్డంగా 4 పడితే హెడింగ్ (ముక్కు చూసే దిక్కు) దాదాపు ఆరు డిగ్రీలు పక్కకు పోతుంది. అంటే మీరు నిశ్చింత అనుకున్న చోట లైటు వేసిన ప్రతిసారీ ఆరు డిగ్రీల తప్పు కాచుకుని ఉంది. మూడు అక్షాలనూ విడివిడిగా చూపే ఆప్ వేసుకుని మళ్లీ కొలవండి. ఫోను లోపలి స్పీకరులోనూ కెమెరాలోనూ సొంత అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి దాని అంకెను నమ్మకండి, అంకెలో వచ్చే మార్పును మాత్రమే నమ్మండి. ఫోను కదలకుండా టేపుతో అంటించి, చుట్టూ ఉన్నవాటిని కదపండి.

ఇక కాలిబ్రేషన్‌తో సర్దుకోవచ్చన్న మూడవ మిత్రుడి వాదన. విమానంతోపాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకేలా ఉండే అయస్కాంతత్వాన్ని కాలిబ్రేషన్ చక్కగా తీసేస్తుంది. విమానాన్ని గుండ్రంగా తిప్పినప్పుడు సెన్సార్ గీసే వృత్తం కేంద్రం పక్కకు జరిగి ఉంటే దాన్ని వెనక్కి జరుపుతుంది. దగ్గర్లోని మెత్తని ఇనుము వల్ల ఆ వృత్తం కోడిగుడ్డులా సాగితే దాన్నీ చాలావరకు సరిచేస్తుంది. కానీ స్టిక్ కదిలితే మారేదాన్ని, లైటు వేస్తే వచ్చేదాన్ని, సర్వో మోటారు పట్టు బిగించినప్పుడు పెరిగేదాన్ని ఏ కాలిబ్రేషనూ తీయలేదు, ఎందుకంటే ఆ క్షణాన స్టిక్ ఎక్కడ ఉందో దానికి తెలియదు. తోక పలక మీద మీరు చూసిన 43కీ 39కీ మధ్య తేడా అటువంటిదే. నా లెక్కలో ఆ ఒక్క కారణం చాలు తోకను వదిలేయడానికి. పెద్ద ఇనుము ఉన్నా కదలని చోటు, చిన్న ఇనుము ఉండి కదిలే చోటు అని రెండే మిగిలితే నేను మొదటిదే ఎంచుకుంటాను.

ఇనుప కవచం ఆలోచనను మాత్రం పూర్తిగా మానుకోండి. అది బయటి అల్లరిని ఆపినట్టే భూమి క్షేత్రాన్ని కూడా ఆపుతుంది, మిగిలినదాన్ని వంకర చేస్తుంది. కొలవవలసినదాన్నే తలుపు బయట నిలబెట్టినట్టవుతుంది. అలాగే రాగి జల్లెడ చుట్టిన షీల్డు తీగ వాడితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ జల్లెడ రేడియో రొదను ఆపుతుందే కానీ డీసీ కరెంటు అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు.

దానికి మందు వేరే ఉంది. అల్యూమినియం విమానాల్లో లైటుకు ఒకే తీగ లాగి, తిరుగు కరెంటును విమానం ఒంటికి వదిలేయడం అలవాటు. అలా వదిలిన కరెంటు రేకులన్నిటా పరుచుకుని తిరిగి వస్తుంది కాబట్టి వెళ్లే తీగ క్షేత్రాన్ని రద్దు చేయదు. సెన్సార్ ఉన్న రెక్కలో ప్రతి లైటుకూ తిరుగు తీగ కూడా వేసి, రెండింటినీ పురి పెట్టి తీసుకెళ్లండి. 3 మిల్లీమీటర్ల ఎడంతో రెండు తీగలు జంటగా వెళితే, అదే 2 ఆంపియర్లకు అదే 10 సెంటీమీటర్ల దగ్గర క్షేత్రం 0.12 మైక్రోటెస్లాలకు పడిపోతుంది. పురి పెడితే అంతకన్నా తగ్గుతుంది. తిరుగు తీగను ఫ్యూజ్‌లేజ్ (విమానం మొండెం) దగ్గర మాత్రమే గ్రౌండు చేయండి. కొన దగ్గర దీపం ఒళ్లు కూడా రెక్కకు తగిలి ఉంటే పడ్డ శ్రమంతా వృథా.

ఇంకొక చిన్న ఉపాయం. తీగకు పైన గానీ కింద గానీ ఉన్నచోట దాని క్షేత్రం అడ్డంగా ఉంటుంది, అదే ఎత్తులో పక్కన ఉన్నచోట నిలువుగా ఉంటుంది. హెడింగ్ లెక్కకు వచ్చేది అడ్డపు అంశమే కాబట్టి, సెన్సార్‌ను తీగ మీద కాక, తీగ ఎత్తులోనే పక్కగా నిలపండి. విమానం ఒరిగినప్పుడు ఈ లాభం కొంత తగ్గుతుంది, అయినా ఖర్చు లేని లాభమే కదా.

చివరగా ఒక హెచ్చరిక. ఎలిరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) కదిపి చూశారో లేదో మీరు రాయలేదు. కొన్ని కిట్లలో ఎలిరాన్ ముందంచు లోపల బరువు సమం చేయడానికి ఇనుప నీళ్ల గొట్టం ముక్క పెడతారు. ఎలివేటర్లలో వేసే సీసంతో చిక్కు లేదు, ఈ ఇనుప గొట్టంతోనే చిక్కు. మీ దానిలో ఉందేమో చూసుకోండి.

మాగ్నెటోమీటర్‌కు చోటు వెతకడంలో మీరు మొదటివారు కాదులెండి. బొంబాయిలో ట్రాములకు కరెంటు పెట్టబోతున్నారని తెలిసి, కొలాబాలో దశాబ్దాలుగా నడుస్తున్న అయస్కాంత వేధశాలనే 1904లో సముద్రం అవతల అలీబాగ్‌కు తరలించారు. అక్కడ భవనాన్ని అయస్కాంతత్వం లేని రాయితో కట్టి, ఇనుము లేకుండా జాగ్రత్తపడ్డారు. మీకు రెక్క పొడవు దూరం చాలు.


ప్రత్యుత్తరం – తాంబరం రెక్కలవాడు, చెన్నై

పెద్దాయన రాసినదానికి నా అనుభవం ఒకటి జతచేస్తాను. నేను రెండేళ్ల క్రితం కొన్న పాత కిట్టు విమానంలో మాగ్నెటోమీటర్ రెక్క కొనలోనే, ఫైబర్‌గ్లాస్ టోపీ లోపల ఉండేది. కాలిబ్రేషన్ చేసిన రోజున అన్ని దిక్కుల్లోనూ రెండు డిగ్రీల లోపే తేడా. పది రోజుల తరువాత నావిగేషన్ లైటు మార్చడానికి ఆ టోపీ విప్పి మళ్లీ బిగించాను. ఆ సాయంత్రం హెడింగ్ ఐదారు డిగ్రీలు తప్పింది. మళ్లీ కాలిబ్రేషన్ చేస్తే సర్దుకుంది. ఇంకొకసారి టోపీ విప్పాను, మళ్లీ తప్పింది. సెన్సార్ చెడిపోయిందని అనుకుని, కొత్తది తెప్పించడానికి అయ్యే ఖర్చు కూడా లెక్క వేసుకున్నాను.

అసలు దొంగ నా చేతిలోనే ఉంది. టోపీని పట్టే మరలు ఉక్కువి, అవి దిగే నట్‌ప్లేట్లు కూడా ఉక్కువే. సెన్సార్ ఆ వరుసకు బెత్తెడు దూరంలో ఉంది. మరలు జారిపోకుండా ఉంటాయని నేను వాడుతున్నది కొసలో అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవరు. విప్పిన ప్రతిసారీ ఒక్కొక్క మరకూ కొత్తగా అయస్కాంతత్వం ఎక్కిస్తున్నాను, పైగా ఏ మర ఏ రంధ్రంలోంచి వచ్చిందో చూడకుండా కలిపేసి బిగిస్తున్నాను.

మరలను ఇత్తడివి వేశాను. కానీ నట్‌ప్లేట్లు రివెట్ చేసి ఉన్నవి, వాటిని తీయడం పెద్ద పని. రిచీ స్ట్రీట్ దగ్గర ఇంకా డబ్బా టీవీలు బాగుచేసే ఒక పాత మెకానిక్ దగ్గర, తెర మీద రంగు మచ్చలు పోగొట్టడానికి వాడే డీగాసింగ్ కాయిల్ దొరికింది, ఒక రోజుకు అడిగి తెచ్చుకున్నాను. సెన్సార్‌ను ముందే విప్పి దూరంగా పెట్టాలి. కాయిల్‌ను ప్లగ్గులో పెట్టి నట్‌ప్లేట్ల వరుస మీద చిన్నగా గుండ్రాలు తిప్పుతూ, కరెంటు ఆపకుండానే మెల్లగా వెనక్కి నడుస్తూ ఆరేడు అడుగులు వచ్చాక మాత్రమే స్విచ్చి ఆపాలి. మొదటిసారి దగ్గరుండగానే స్విచ్చి ఆపేసి, ఉన్నదానికన్నా ఎక్కువ అయస్కాంతత్వం ఎక్కించాను. రెండవసారికి కుదిరింది. ఆ తరువాత సెన్సార్‌ను వరుస నుంచి మరొక అడుగు లోపలికి జరిపాను. చిన్న ఇనుప ముక్క ప్రభావం దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, దూరం రెట్టింపు అయితే ప్రభావం ఎనిమిదో వంతు. నాకు దూరం మూడు రెట్లకు పైనే పెరిగింది, ఆ తరువాత టోపీ ఎన్నిసార్లు విప్పినా హెడింగ్ కదలలేదు.


ప్రత్యుత్తరం – హోసూరు రోడ్డు విద్యార్థి

పెద్దల చర్చ మధ్యలో ఒక చిన్న సందేహం, మన్నించండి. జీపీఎస్ దిశను చెబుతూనే ఉంటుంది కదా, ఇంత తంటాలు పడి మాగ్నెటోమీటర్ పెట్టడం ఎందుకు?


ప్రత్యుత్తరం – తాంబరం రెక్కలవాడు, చెన్నై

జీపీఎస్ చెప్పేది విమానం నేల మీద ఏ దారిలో జరుగుతోందన్న సంగతి, ముక్కు ఎటు చూస్తోందన్నది కాదు. 80 నాట్ల వేగంతో పోతుంటే 20 నాట్ల గాలి అడ్డంగా వీచిందనుకోండి, అనుకున్న దారిలో ఉండడానికి ముక్కును పధ్నాలుగున్నర డిగ్రీలు గాలివైపు తిప్పి ఉంచాలి. ఆ రెండింటి తేడా నుంచే తెర గాలి ఎటునుంచి ఎంత వీస్తోందో లెక్కగట్టి చూపుతుంది. పైగా విమానం నిలబడి ఉన్నప్పుడు జీపీఎస్‌కు దిశ అనేదే లేదు. ఏహెచ్‌ఆర్‌ఎస్‌లోని జైరోలు నెమ్మదిగా పక్కకు జారిపోతుంటే హెడింగ్‌ను మళ్లీ దారిలో పెట్టేది కూడా ఈ మాగ్నెటోమీటరే.


ప్రత్యుత్తరం – దొడ్డబళ్లాపురం షెడ్డు, బెంగళూరు

అందరికీ ధన్యవాదాలు. మారతహళ్లి పెద్దాయన ఊహించినట్టే మా విమానం షెడ్డులో తూర్పు ముఖంగానే ఉంది! ఆ వాక్యం చదివి ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము.

ఈ ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రందాకా మళ్లీ కొలిచాము. ఫోనును చెక్క పలకకు టేపుతో బిగించి, మూడు అక్షాలను విడిగా చూపే ఆప్ వేసుకున్నాము. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని స్విచ్చులు, స్టిక్ కదపడం, ఒకరు అంకెలు చదవడం, ఒకరు రాయడం. చదివేవాడు జేబులోంచి తాళంచెవులు తీసి బయట పెట్టాలని గంట గడిచాక గానీ మాకు తట్టలేదు, అప్పటిదాకా రాసినవన్నీ కొట్టేశాము.

మొదట కొలిచిన చోటే, తీగకు నాలుగంగుళాల పైన, లైటు వేస్తే ముక్కు–తోక అక్షంలో 3.7 మైక్రోటెస్లాలు మారింది. మొత్తం బలం మాత్రం అమాయకంగా 41.2 దగ్గరే ఉంది. తరువాత తాత్కాలికంగా తిరుగు తీగ వేసి, రెండూ డ్రిల్లుకు బిగించి పురి పెట్టి అదే దారిలో పరిచాము. అప్పుడు వచ్చిన మార్పు ఫోను అంకెల సహజమైన వణుకులో కలిసిపోయి కనిపించనే లేదు. స్ట్రోబు విషయంలో కూడా అంతే.

ఎలిరాన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. మా ఎలిరాన్ ముందంచులో ఇనుప గొట్టం ఉంది. నాలుగేళ్ల క్రితం మేమే దాన్ని కోసి, ప్రైమరు పూసి, లోపల పెట్టి మూశాము, మరచిపోయాము. వెనుక స్పారు (రెక్క పొడవునా ఉండే దూలం) దగ్గర, ఆ గొట్టానికి జానెడు దూరంలో ఫోను ఉంచి స్టిక్‌ను ఒక చివరినుంచి మరొక చివరికి కదిపితే 5 దాకా మారింది. గాలిలో ఒరిగిన ప్రతిసారీ హెడింగ్ ఏడు డిగ్రీలు ఊగేదన్నమాట. అదే గదిలో ప్రధాన స్పారుకు ముందు వైపు, గొట్టానికి రెండడుగుల దూరంలో ఆ మార్పు 0.3కు పడిపోయింది.

అందుకని నిర్ణయం ఇలా చేశాము. సెన్సార్ ఎడమ రెక్కలోనే, కానీ చివరి గదిలో కాదు, దానికి ముందు గదిలో, ప్రధాన స్పారుకు ముందు, లైటు తీగల ఎత్తులోనే పక్కగా ఉంటుంది. అక్కడినుంచి టోపీ నట్‌ప్లేట్లు అడుగున్నర దూరం. టోపీ విప్పితే చివరి పక్కటెముకలో బరువు తగ్గించడానికి కోసిన పెద్ద రంధ్రం గుండా చెయ్యి పెట్టి సెన్సార్‌ను అందుకోవచ్చు. మూడవ మిత్రుడు ఒప్పుకున్నాడు, అయితే తిరుగు తీగలకు అయ్యే బరువును తూచి లెక్కలో రాయాలన్న షరతు పెట్టాడు.

మిగిలిన సందేహం ఒక్కటే. మా రెక్కకు మూడున్నర డిగ్రీల డైహెడ్రల్ (కొన వైపు పైకి లేచే వాలు) ఉంది. బ్రాకెట్‌ను పక్కటెముకకు నేరుగా బిగిస్తే సెన్సార్ ఆ మేరకు ఒరిగి ఉంటుంది. కిట్టువాళ్ల చర్చల్లో దీన్ని మహాపరాధంలా రాస్తారు. నిజంగా అంత తేడా వస్తుందా? రెండవది, కాలిబ్రేషన్‌ను జక్కూరు రన్‌వే మీద నిలబెట్టి, 08 అంటే 80 డిగ్రీలు అనుకుని సరిచూసుకోవచ్చా?


ప్రత్యుత్తరం – విశ్రాంత ఏవియానిక్స్ ఉద్యోగి, మారతహళ్లి

మంచి కొలతలు. 5 అనే అంకె బయటపడటం మీ అదృష్టం, గాలిలో దాని కారణం వెతకడం చాలా కష్టం.

ఒరుగుదల విషయంలో ఆ చర్చలు రాసేవాళ్లు అబద్ధమాడటం లేదు, వాళ్లు ఉండే చోటు వేరు. భూక్షేత్రం నేలలోకి ఎంత వాలి ఉంటుందో ఆ కోణాన్ని అవపాతం అంటాము. సెన్సార్ ఏహెచ్‌ఆర్‌ఎస్‌తో పోలిస్తే ఒక డిగ్రీ ఒరిగి ఉంటే, హెడింగ్‌లో గరిష్ఠంగా వచ్చే తప్పు ఆ అవపాతం టాంజెంటు అంత. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో అవపాతం 70 డిగ్రీల దరిదాపు, టాంజెంటు 2.7కు పైనే. అంటే మీ మూడున్నర డిగ్రీలకు అక్కడ తొమ్మిదిన్నర డిగ్రీల తప్పు. పైగా అక్కడ క్షితిజ సమాంతర అంశం 20 మైక్రోటెస్లాల లోపే కాబట్టి, మీ లైటు తీగ చేసే చెరుపు అక్కడ రెట్టింపుకు పైగా ఉంటుంది. బెంగళూరులో అవపాతం 13, 14 డిగ్రీల దరిదాపు. ఇంకా దక్షిణానికి, కన్యాకుమారి వైపు పోతే దాదాపు సున్నాకు వస్తుంది. మన దగ్గర టాంజెంటు సుమారు 0.24, అంటే మీ మూడున్నర డిగ్రీలకు వచ్చే తప్పు ఒక డిగ్రీకి లోపే. పాఠ్యపుస్తకాల్లో ద్రవ దిక్సూచి మలుపుల్లో ముందుకు పోతుందని, వెనకబడుతుందని అంత పెద్దగా రాసినా మన దక్షిణాది పైలట్లకు అది అంతగా కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే.

అయినా బ్రాకెట్ కింద మూడున్నర డిగ్రీల ఏటవాలు అల్యూమినియం ముక్క పెట్టి సమం చేయండి. రేపు ఎవరైనా ఈ విమానాన్ని కొని ఢిల్లీ తీసుకుపోతే అక్కడ అవపాతం 40 డిగ్రీలు దాటుతుంది. విమానాన్ని గాలిలో ఎగిరే భంగిమలో సమతలంగా నిలిపి, ఏహెచ్‌ఆర్‌ఎస్ పెట్టె మీద ఒకసారి, సెన్సార్ మీద ఒకసారి అదే డిజిటల్ లెవెల్ పెట్టి రెండు అంకెలూ ఒకటి చేయండి. బాణం గుర్తు ముక్కు వైపే ఉందని ఇద్దరు వేర్వేరుగా చూడండి. నవ్వకండి, తోక వైపు బాణంతో వచ్చిన పెట్టెను నేను నా చేతులతో తిప్పి బిగించాను.

రన్‌వే అంకెతో సరిచూడటం మాత్రం వద్దు. ఆ అంకె దిశను పదుల్లోకి సవరించి రాసినది, 08 అంటే 75 నుంచి 85 దాకా ఏదైనా కావచ్చు. మధ్యగీత అసలు దిశ ఎంతో ప్రచురిత వివరాల్లో చూసి, దిక్పాతం (అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య కోణం) కూడా లెక్కలో వేసుకోండి. మన దగ్గర దిక్పాతం రెండు డిగ్రీలకు లోపే కాబట్టి చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి. కాలిబ్రేషన్ గుండ్రం తిప్పే చోటు హ్యాంగరు ఇనుప ట్రస్సులకు, ఆగి ఉన్న కార్లకు, లోపల కడ్డీలు వేసిన కాంక్రీటుకు వీలైనంత దూరంగా ఉండాలి. ఇంజను తిరుగుతూ, ఆల్టర్నేటర్ పనిచేస్తూ, క్యానోపీ మూసి, మామూలుగా గాలిలో వేసి ఉంచేవన్నీ వేసే తిప్పండి. ముగిశాక ఒక్కొక్క స్విచ్చీ మార్చి, స్టిక్ అన్ని మూలలకూ తిప్పి, హెడింగ్ రెండు డిగ్రీలకు మించి కదలలేదని చూసుకోండి. మన క్షేత్రంలో రెండు డిగ్రీలంటే 1.4 మైక్రోటెస్లాలు. మీ కొలతలను బట్టి మీకు అందులో సగం కూడా రాకూడదు.


ప్రత్యుత్తరం – దొడ్డబళ్లాపురం షెడ్డు, బెంగళూరు

ఏటవాలు ముక్కను నిన్న ఆకురాయితో రుద్ది తయారుచేశాము, రెండు చోట్లా లెవెల్ 0.1 డిగ్రీ లోపు కలిసింది. బ్రాకెట్‌ను అల్యూమినియం రివెట్లతో బిగించాము. సెన్సార్‌ను, చుట్టుపక్కల తీగల క్లిప్పులను పట్టడానికి ఇరవై నాలుగు ఇత్తడి మరలు కావాలని ఎస్‌పీ రోడ్డులో ఒక దుకాణంలో కొన్నాము. తాంబరం మిత్రుడి కథ గుర్తొచ్చి, షెడ్డులో వాటిని పళ్లెంలో పోసి పైన దారానికి కట్టిన అయస్కాంతం తిప్పితే తొమ్మిది ఎగిరి అంటుకున్నాయి. గోటితో గీకితే ఏమీ తెలియలేదు, ఆకురాయితో గీకితే పచ్చని పూత కింద తెల్లని ఇనుము కనిపించింది. ఆ తొమ్మిదింటినీ షెడ్డు తలుపు గొళ్లేనికి వాడేశాము. అంటుకోని పదిహేనులో నాలుగు సెన్సార్‌కు పోగా మిగిలినవి క్లిప్పులకు వేశాము, చాలని చోట్ల నైలాన్ పట్టీలు కట్టాము. వచ్చే వారం రెక్క రేకు మూస్తున్నాము.